మిల్లింగ్ మిషన్‌కి 4 ఇంచుల రైజర్ బ్లాక్ చేయించాను, పని చాలా నీట్‌గా ఉంది

హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ (టూల్ డిజైన్ శిక్షణ సంస్థ) దగ్గర్లోనే ఉంటుంది ఈ షాప్, బయట నుంచి చూస్తే రెండు లేత్‌లు, ఒక సర్ఫేస్ గ్రైండర్, అంతే. మాది ఎం1టీఆర్ మోడల్ టరెట్ మిల్లింగ్ మిషన్, టేబుల్ మీద రోటరీ టేబుల్ పెట్టి దాని మీద చక్ బిగించి పైన డ్రిల్ చక్ కూడా పెడితే ఇంక జాబ్‌కి (మెషినింగ్ చేసే ముక్కకి) చోటే ఉండదు, టేబుల్‌ని మోసే 'నీ' (knee) భాగం మొత్తం కిందకి దించినా సరిపోదు. అందుకే కాలమ్‌కి (మిషన్ నిలువు స్తంభం), దాని మీద తిరిగే టరెట్‌కి మధ్యలో పెట్టి స్పిండిల్ ఉండే హెడ్‌ని ఎత్తు చేసే రైజర్ బ్లాక్ చేయించుకోవాలనుకున్నా.

నేను 6 ఇంచులు అడిగితే ఓనర్ ముందు ఏం జాబ్‌లు చేస్తారో అన్నీ అడిగి "6 ఎందుకన్నా, 4 చాలు, ఎత్తు పెరిగేకొద్దీ కట్ పెట్టంగనే ఊగుతది" అన్నాడు. పెద్దది చేస్తే ఆయనకే ఎక్కువ బిల్లు, అయినా వద్దన్నాడు చూడండి, అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేట్లు వెల్డింగ్ చేసి తక్కువలో ఇస్తామని వేరే చోట చెప్పారు గానీ ఈయన బీడులోనే (పోత ఇనుములోనే) చేద్దామన్నాడు, బీడు వైబ్రేషన్ తీసుకుంటుంది, వెల్డింగ్ చేసింది సరిగ్గా స్ట్రెస్ రిలీవ్ చేయకపోతే (వేడి చేసి లోపలి ఒత్తిడి తీయకపోతే) తర్వాత మెల్లగా వంగుతుంది. పోత పోయించి, రఫ్ మెషినింగ్ చేసి, కొన్నాళ్లు అలా వదిలేసి అప్పుడు ఫినిష్ చేశారు. బయట డయా 300, లోపల 200, ఎత్తు 100 ఎంఎం, దాదాపు 28 కిలోలు వచ్చింది.

అసలు విషయం పైన, కింద ఫేస్‌లు రెండూ పారలల్‌గా ఉండటం. అది తేడా వస్తే హెడ్ ఎంత ట్రామ్ చేసుకున్నా (స్పిండిల్‌ని టేబుల్‌కి సరిగ్గా నిలువుగా సెట్ చేసుకున్నా) లాభం లేదు, టరెట్ తిప్పగానే ట్రామ్ పోతుంది, హెడ్‌ని మోసే ర్యామ్ ముందుకి వెనక్కి జరిపినప్పుడల్లా టేబుల్‌కి స్పిండిల్‌కి మధ్య ఎత్తు మారిపోతుంది. డెలివరీ రోజు నా ముందే గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్ తుడిచి బ్లాక్ పెట్టి పైన డయల్ గేజ్ పెట్టి చుట్టూ తిప్పారు, ముల్లు ఒక గీత మించి కదల్లేదు, అంటే 0.01 ఎంఎం. మళ్లీ తిరగేసి ఇంకో ఫేస్ కూడా చూపించారు, నేను అడగకుండానే. కాలమ్ మీద కూర్చునే స్పిగోట్ (ముందుకి పొడుచుకొచ్చిన గుండ్రటి అంచు) కూడా చేత్తో నొక్కితే దిగేంత ఫిట్, ఎక్కడా ఆట లేదు.

పాత బోల్టులు సరిపోవు కదా, 100 ఎంఎం పొడుగు పెంచి ఈఎన్8 (ఒక రకం స్టీల్) రాడ్‌లో కొత్తవి చేసిచ్చారు. పాత బోల్ట్ ఒకటి పట్టుకెళ్లండి, థ్రెడ్ దాన్ని చూసే వేస్తారు. బిల్లులో పాటర్న్ (పోత కోసం చేసే నమూనా), పోత, మెషినింగ్, గ్రైండింగ్ విడివిడిగా రాశారు, ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది.

నచ్చనివి కూడా చెప్పాలి. చెప్పిన టైంకి ఇవ్వలేదు, పోత దగ్గరే లేటయిందన్నారు, ఫోన్ చేస్తే గానీ చెప్పలేదు. బోల్ట్ హోల్స్ అంచుల్లో బర్ (పదునైన లోహపు పొరలు) అలాగే వదిలేశారు, అది ఫేస్ మీద నిలబడితే 0.01 గ్రైండింగ్ అంతా వేస్ట్, ఫైల్‌తో తీసి ఆయిల్ స్టోన్ కొట్టాకే బిగించాం. ఇంత మంచి పని చేసేవాళ్లు ఈ చిన్నది కూడా చూసుకోవాలి.

చెయిన్ పుల్లీతో ర్యామ్, హెడ్ లేపి బిగించాక రోటరీ టేబుల్ మీద పెద్ద జాబ్‌లు హాయిగా పడుతున్నాయి. కట్ మాత్రం ఇంతకు ముందు పట్టినంత పట్టదు, ఫేస్ కట్టర్ పెడితే డెప్త్ కొంచెం తగ్గించాల్సిందే, అది షాప్ తప్పు కాదు, ఎత్తు పెంచితే ఎవరికైనా అంతే. చేయించుకునేవాళ్లు హెడ్ మోటార్ వైర్ పొడుగు ముందే చూసుకోండి, మాకు అది చాలక ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మిషన్ ఆగింది. డ్రాబార్ (టూల్‌ని స్పిండిల్‌లోకి లాగి బిగించే పొడుగు బోల్ట్) కూడా 4 ఇంచులు పైకి పోతుంది, స్పానర్ అందడానికి ఆపరేటర్ కింద ఒక చెక్క పీట వేయించండి.