ఒక్కటే పెద్ద బేస్ క్యాబ్ కొనాలంటే: ఎయిట్ టెన్నా, ఫోర్ టెన్నా, నిలువు టూ ట్వెల్వా?

బేస్ గిటార్ శబ్దం వినిపించే స్పీకర్ పెట్టెనే క్యాబ్ అంటాం. ఫోర్ టెన్ అంటే అందులో పది అంగుళాల స్పీకర్లు నాలుగు ఉన్నట్టు, టూ ట్వెల్వ్ అంటే పన్నెండు అంగుళాలవి రెండు, మిగతావీ అంతే. ఈ ఏడాది నా పాత ఫోర్ టెన్‌ని పక్కన పెట్టి వేరే క్యాబ్ తీసుకున్నాను. అప్పటి నుంచి బేస్ వాయించే కుర్రాళ్ళు ఎవరు కలిసినా అదే ప్రశ్న. "అన్నా, కొనగలిగేది ఒక్కటే. మళ్ళీ రెండోది కొనే పని లేకుండా ఏది తీసుకోమంటావ్?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నాను. హెడ్ అంటే క్యాబ్‌ని మోగించే ఆంప్, ఓమ్‌లంటే క్యాబ్ కరెంటుకి చూపే అడ్డు, ఈ రెండూ తెలిస్తే చాలు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పదిహేను అంగుళాల స్పీకర్ అయితే లోతు, పది అంగుళాలైతే చురుకు అని మన దగ్గర అందరూ అనే మాట. స్పీకర్ సైజు చూసి లోతు చెప్పలేం. ఆ స్పీకర్ గుణం ఏమిటి, పెట్టె లోపల ఎంత ఖాళీ ఉంది, పోర్ట్ (పెట్టెకి పెట్టిన గాలి రంధ్రం) ఎక్కడ ట్యూన్ చేశారు అన్నవాటిని బట్టి అది తేలుతుంది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇంజనీర్లు 1960లు, 70లలోనే దీని లెక్కంతా కట్టి పెట్టారు. అయినా షాపుల్లో ఇప్పటికీ "పదిహేను తీసుకోండి సార్, గుండె అదురుతుంది" అనే చెబుతారు. ఒకే కంపెనీ చేసిన ఫోర్ టెన్ కింది స్వరాల్లో వన్ ఫిఫ్టీన్‌ని దాటిపోవడం మామూలు విషయం.

ఎంత గాలిని కదపగలదు అన్నదానికి మాత్రం ఒక మోటు లెక్క ఉంది. అంగుళాల్ని వర్గం చేసి, స్పీకర్ల సంఖ్యతో గుణించండి. వన్ ఫిఫ్టీన్‌కి 225, టూ ట్వెల్వ్‌కి 288, ఫోర్ టెన్‌కి 400, ఎయిట్ టెన్‌కి 800 వస్తాయి. కోన్ (స్పీకర్‌లో ఊగే పొర) ముందుకీ వెనక్కీ ఎంత దూరం కదులుతుందన్నది ఇందులో లేదు కాబట్టి ఇది సగం నిజమే. ఈ కాలపు మంచి పన్నెండు అంగుళాల స్పీకర్ పాత పది కంటే చాలా ఎక్కువ దూరం కదులుతుంది. అందుకే 288కీ 400కీ మధ్య కాగితం మీద కనిపించినంత తేడా స్టేజి మీద ఉండదు. 800 సంగతి వేరు, దాన్ని దేనితోనూ పోల్చలేం.

అందరూ ఇక్కడే ఆగిపోయి వాట్లు, కిలోలు, ధర పోల్చుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అంతే. నా నిర్ణయాన్ని మార్చింది ఇంకొకటి: స్పీకర్ ఎంత ఎత్తులో ఉంది, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయా, ఒకదాని మీద ఒకటి ఉన్నాయా అన్నది.

రెండేళ్ళ కిందట ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్‌కి వాయిస్తున్నాం. కింద మార్బుల్, చుట్టూ కాంక్రీట్ గోడలు. నా వెనక రెండడుగుల ఎత్తు ఫోర్ టెన్. నాకు "దుమ్ దుమ్" అని అదురు తెలుస్తోంది గానీ ఏ స్వరం వాయిస్తున్నానో వినపడట్లేదు. వాల్యూమ్ పెంచాను. కీబోర్డ్ వాయించే అతను పక్క నుంచి "బేస్ ఏదీ?" అని సైగ చేశాడు. ఇంకొంచెం పెంచాను. అప్పుడు ఎదురుగా నాలుగో వరుసలో కూర్చున్న పెద్దాయన లేచొచ్చి, "బాబూ, ఆ మోత తగ్గిస్తావా, మాట వినపడట్లేదు" అన్నారు. నాకు వినపడదు, నా పక్కవాడికి వినపడదు, ఎదురుగా కూర్చున్న ఆయనకి మాత్రం చెవులు పగిలిపోతున్నాయి! క్యాబ్ పాడైందేమోనని మర్నాడు విప్పి కూడా చూశాను. దానికేమీ కాలేదు, అన్ని ఫోర్ టెన్‌లూ చేసే పనే అది కూడా చేసింది.

కారణం ఇది. బేస్ మీద లావుపాటి E తీగని ఖాళీగా మీటితే వచ్చేది 41 హెర్ట్జ్. ఆ తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైనే కాబట్టి అది గదంతా పాకుతుంది, స్పీకర్ ఎటు చూస్తోందన్న లెక్క లేదు. మనం స్వరాన్ని పోల్చుకునేది మాత్రం వేలి దెబ్బ, తీగ గీర ఉండే 500 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య. రెండు పది అంగుళాల స్పీకర్లు పక్కపక్కన ఉంటే వాటి కేంద్రాల మధ్య సుమారు 28 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. మీరు 45 డిగ్రీల పక్కకి నిలబడితే ఒకదాని శబ్దం ఇంకోదాని కంటే 20 సెంటీమీటర్లు ఆలస్యంగా వస్తుంది. సుమారు 850 హెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా సగం తరంగం. ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగుతుంది, ఆ శబ్దం అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఎదురుగా ఉన్నవాడికి రెండూ ఒకేసారి చేరతాయి కాబట్టి అంతా వినపడుతుంది. ఆ రాత్రి పెద్దాయన ఎదురుగా ఉన్నారు, కీబోర్డ్ అతను పక్కన ఉన్నాడు. ఇక నాకంటారా, ఫోర్ టెన్ పై వరుస నేలకి ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటుంది, నా చెవి ఐదడుగుల్లో ఉంది. ఆ క్యాబ్ ఇన్నాళ్ళూ కచేరీ చేసింది నా ప్యాంటుకి.

అవే స్పీకర్లని ఒకదాని మీద ఒకటి పెడితే ఆ రద్దు అడ్డంగా కాకుండా పైకీ కిందికీ జరుగుతుంది. అంటే డ్రమ్మర్‌కి, కీబోర్డ్‌కి, హాల్లో మూల కుర్చీలకి దాదాపు ఒకే శబ్దం వెళుతుంది. పై స్పీకర్ కూడా ఇంకొంచెం ఎత్తుకి వస్తుంది. దీనికీ ఒక మెలిక ఉంది. క్యాబ్‌కి ఆనుకుని నిలబడితే చెవి మళ్ళీ ఆ రద్దు జరిగే చోటే ఉంటుంది. కనీసం ఐదారు అడుగులు ముందుకు రావాలి, చిన్న స్టేజి అయితే క్యాబ్‌ని కొంచెం వెనక్కి వాల్చాలి. నేను ముందు కాళ్ళ కింద ఒక చెక్క ముక్క పెడుతున్నాను.

ఇక ఎయిట్ టెన్. దీని గురించి మాట్లాడేటప్పుడు నా గొంతు మారుతుందని మా ఆవిడ అంటుంది. 1969లో ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల ఎస్‌వీటీ హెడ్‌తో పాటు తెచ్చింది దీన్ని. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ అమెరికా టూర్‌లో ఆ హెడ్‌లు మోగాయి. మొదట్లో ఒక్కో హెడ్‌కి ఇలాంటివి రెండేసి పెట్టేవాళ్ళు. నాలుగడుగుల ఎత్తు, సుమారు 63 కిలోల బరువు, వెనక చక్రాలు. అందరూ ఫ్రిజ్ అని పిలిచేది ఊరికే కాదు. విచిత్రం ఏమిటంటే ఇంత పెద్ద పెట్టె నిజానికి అంత కిందికి దిగదు. ఇప్పుడు వచ్చే మోడల్‌కి కంపెనీ ఇచ్చే లెక్క ప్రకారమే 58 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ తగ్గిపోయి ఉంటుంది. దానికి పోర్ట్ లేదు, అంతా మూసిన పెట్టె. మన ఫంక్షన్ హాళ్ళకి, రేకుల షెడ్డు చర్చిలకి అదే వరం. ఆ గదులే కింది స్వరాల్ని ఉబ్బిస్తాయి, క్యాబ్ కూడా ఉబ్బిస్తే బురదే. ఎయిట్ టెన్ నుంచి వచ్చేది 80 హెర్ట్జ్ నుంచి పైన ఉన్న గట్టి ముద్ద. చెవి దాన్నే విని కింద 41 ఉందని అనుకుంటుంది. పై వరుస మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి వాయించేవాడికి ప్రతి స్వరం ముఖానికి తగులుతుంది. ఒకసారి అద్దెకు తెచ్చిన దాని మీద వాయించాను. ఇంటికొచ్చాక నా ఫోర్ టెన్‌ని చూడబుద్ధి కాలేదు.

కానీ అదీ రెండు వరుసల పెట్టే. పక్కన కూర్చున్నవాళ్ళకి ఫోర్ టెన్ జబ్బే దీనికీ ఉంది, ఎత్తు వల్ల మనం బతికిపోతామంతే. మోసే సంగతి సరే సరి. నా హ్యాచ్‌బ్యాక్‌లో అది పట్టదు, ప్రతి ప్రోగ్రాంకీ ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. రెండో అంతస్తులో రిహార్సల్ గది ఉండి లిఫ్ట్ లేకపోతే, ఇద్దరు స్నేహితుల్ని పోగొట్టుకుంటారు. చర్చిలోనో స్టూడియోలోనో ఒకే చోట పెట్టి కదపకుండా ఉంచేదైతే రెండో మాట లేకుండా ఎయిట్ టెన్నే తీసుకోండి. చర్చి కమిటీ డబ్బు పెడుతుంటే మరీ మంచిది.

ఫోర్ టెన్‌ని తీసిపారేయడానికి లేదు. దీని చరిత్ర కూడా చిన్నదేం కాదు. ఫెండర్ కంపెనీ బేస్‌మన్ ఆంప్ 1952లో ఒక్క పదిహేనుతో వచ్చి, రెండేళ్ళకే నాలుగు పదులకి మారింది. కాకపోతే దాన్ని ఎక్కువ ప్రేమించింది గిటార్ వాళ్ళు. ఇంగ్లాండ్‌లో జిమ్ మార్షల్ తన మొదటి ఆంప్‌ని దాన్ని చూసే చేయించాడు. ఈ రోజు సెకండ్ హ్యాండ్‌లో సులువుగా దొరికేది, బేరమాడితే దిగేది ఫోర్ టెన్నే. ఎంత పెంచినా ఏడవదు. చేతిలో డబ్బు తక్కువై, పెద్ద డ్రమ్మర్ పక్కన వాయించాలంటే ఇదే సరైన కొనుగోలు. పాత ఫెర్రైట్ అయస్కాంతాలవి 40 కిలోల దాకా ఉంటాయి, నడుం జాగ్రత్త. నియోడిమియంవి పాతిక లోపు వస్తాయి. కొన్నాక మాత్రం నేల మీద పెట్టకండి, ఒక గట్టి బల్ల మీదికి ఎక్కించండి. నేల ఇచ్చే అదురు కొంత పోతుంది, దాని బదులు స్వరం వినపడుతుంది.

టూ ట్వెల్వ్ నేను ఎంచుకున్నది. అడ్డంగా చేసినవి కూడా అమ్ముతారు, వాటి జోలికి వెళ్ళొద్దు. పన్నెండుల కేంద్రాల మధ్య దూరం ఇంకా ఎక్కువ కాబట్టి పక్కన ఉన్నవాళ్ళకి 700 హెర్ట్జ్ దాటగానే శబ్దం పోతుంది. ఇప్పటికే అడ్డంది ఉంటే బాధపడక్కర్లేదు, నిలబెట్టండి. హెడ్ జారకుండా కింద రబ్బరు వేసుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. నాది నియోడిమియం స్పీకర్లతో 20 కిలోల లోపు, ఒక చేత్తో మెట్లెక్కుతాను, వెనక సీటు మడిస్తే కారులో పడుకుంటుంది. లోపం లేదా అంటే ఉంది. డ్రమ్మర్ రాక్షసుడై, పీఏలోకి (జనమందరికీ వినిపించే పెద్ద స్పీకర్లలోకి) బేస్ పంపకుండా, బహిరంగ మైదానంలో వాయించాలంటే ఇది ఊపిరి బిగబట్టుకుంటుంది. ఐదు తీగల వాళ్ళు కింది B తీగ మీద, అంటే 31 హెర్ట్జ్ దగ్గర, ఈక్యూ (హెడ్ మీద లోతు పెంచే మీట) పెంచితే కోన్ దబదబా కొట్టుకుంటుంది. నాకు ఏడాదికి అలాంటి మైదానాలు రెండు తగులుతాయి, ఆ రెండు రోజులూ అద్దెకు తెచ్చుకుంటాను.

వన్ ఫిఫ్టీన్ ఒక్కటే అయితే పక్క స్పీకర్‌తో గొడవ లేదు, శబ్దం కూడా గుండ్రంగా బావుంటుంది. బ్యాండ్ మధ్యలో ఒంటరిగా సరిపోదు. టూ ఫిఫ్టీన్ మోసేవాడు నాకింకా కనపడలేదు. సిక్స్ టెన్ అంటే ఎయిట్ టెన్ కొనలేక రాజీ పడటమే, తప్పేం కాదు. పద్దెనిమిది అంగుళాలది పీఏ వాళ్ళకి వదిలేయండి.

ఓమ్‌ల దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు కాబట్టి ఒక మాట. నిజంగా జీవితాంతం ఒక్కటే క్యాబ్ అనుకుంటే 4 ఓమ్‌లది తీసుకోండి, చాలా హెడ్‌లకి వాటి మీద రాసిన పూర్తి వాట్లు అప్పుడే వస్తాయి. 8 ఓమ్‌లదైతే ఇంచుమించు సగానికి కాస్త పైన వస్తాయి, కానీ రేపు అలాంటిదే ఇంకోటి పక్కన కలిపితే 4 అవుతుంది. నేను 8 తీసుకున్నాను. "ఒక్కటే" అని మా ఆవిడకి మాటిచ్చాను గానీ, అదే మోడల్ ఇంకోటి సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే మీద పేర్చి ఎత్తు పెంచుదామని ఒక ఆశ.

పాత ఫోర్ టెన్ ఇప్పుడు మా చర్చిలో ఉంది. ఆదివారం బడి పిల్లల బల్ల ఒకటి ఖాళీగా ఉంటే దాని మీద పెట్టించాను. మొదటి వారమే అక్కడ వాయించే తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, స్పీకర్లు ఏమైనా మార్పించావా?" అని అడిగాడు.