కొత్త లాప్‌టాప్‌కి ఉబుంటునా, మింటా, ఫెడోరానా?

కొత్త లాప్‌టాప్‌లో లినక్స్ వేద్దామనుకునేవాళ్లు ఈమధ్య అడుగుతున్నది ఇదే. ఈ మూడూ విండోస్‌కి బదులుగానో, దాని పక్కనో వేసుకునే లినక్స్ రకాలు. ఏ డెస్క్‌టాప్ (తెర మీది మెనూలు, విండోల రూపు) బాగుంటుందన్న దాని మీద రాత్రంతా వాదించుకోవచ్చు గానీ, మెషిన్ కొత్తదైతే నేను ముందు చూసేది ఒక్కటే: ఆ లినక్స్‌తో వచ్చే కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రధాన భాగం) ఎంత కొత్తది?

లినక్స్‌లో డ్రైవర్లు (ఒక్కో చిప్‌ని పనిచేయించే ప్రోగ్రాములు) చాలావరకు కెర్నెల్‌తో పాటే వస్తాయి. కంపెనీ సైటులో వెతుక్కునే పని ఉండదు. సుఖమే, కానీ చిప్ కన్నా కెర్నెల్ పాతదైతే అక్కడే ఇరుక్కుంటాం. మీడియాటెక్ ఎంటీ7925 వైఫై చిప్‌నే తీసుకోండి. దాని డ్రైవర్ 6.7 కెర్నెల్‌లో చేరింది. డెబియన్ అనే మరో లినక్స్ 12వ వెర్షన్‌తో వచ్చేది 6.1. ఇన్‌స్టాల్ నున్నగా అయిపోతుంది, తీరా చూస్తే వైఫై గుర్తే ఉండదు. సన్నటి లాప్‌టాప్‌లకి లాన్ పోర్టూ ఉండదాయె. అలాంటప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే అప్పటికి గండం గడుస్తుంది.

ఈ లెక్కన ఫెడోరాదే పైచేయి. ఆరు నెలలకో వెర్షన్ వస్తుంది, మధ్యలో కూడా కెర్నెల్ మారుతూనే ఉంటుంది. ప్రాసెసర్ మార్కెట్లోకి వచ్చి ఏడాది కాకపోతే కళ్లు మూసుకుని ఫెడోరా వేయమంటాను. కాకపోతే ఒక్కో వెర్షన్‌కి అప్‌డేట్లు దాదాపు 13 నెలలే, అంటే ఏటా ఒకసారైనా అప్‌గ్రేడ్ తప్పదు. కొన్ని వీడియో కోడెక్‌లు (వీడియోలు ఆడటానికి కావలసిన భాగాలు), ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ కావాలంటే ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే సాఫ్ట్‌వేర్ రిపాజిటరీ విడిగా కలుపుకోవాలి. మనకైతే పది నిమిషాల పని. ఊళ్లో నాన్నగారి లాప్‌టాప్‌లో వేసిస్తే మాత్రం అప్‌గ్రేడ్ వచ్చినప్పుడల్లా ఫోన్ మనకే వస్తుంది.

ఉబుంటు 24.04 దగ్గర చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఐఎస్ఓలో (ఇన్‌స్టాల్ ఫైల్లో) కెర్నెల్ 6.8. 2025 ఆగస్టులో వచ్చిన 24.04.3లో 6.14. పేరు అదే, సరుకు వేరు. కాబట్టి ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఎప్పటిదో పడి ఉందని అదే వేసేయకండి, తాజాది దించుకోండి.

మింట్ 22 ఈ ఉబుంటు మీదే కట్టింది. 22.2లోనూ 6.14 కెర్నెలే, అప్‌డేట్లు 2029 వరకు. 24.04.3, 22.2ల్లో కెర్నెల్ సమానమే గనుక ఇక మిగిలింది ఇష్టాయిష్టాలు, నా ఓటు మింట్‌కే. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ కూడా స్నాప్ అనే ఉబుంటు సొంత తరహా ప్యాకేజీగానే వస్తుంది, మింట్‌లో ఆ గోల లేదు. మెనూ ఎడమ మూల కిందే ఉంటుంది గనుక విండోస్ నుంచి వచ్చినవాళ్లు తడుముకోరు. అప్‌డేట్ వికటిస్తే వెనక్కి తిప్పడానికి టైమ్‌షిఫ్ట్ ముందే వేసి ఉంటుంది, ముందే తీసిన స్నాప్‌షాట్ (సిస్టమ్ నకలు) ఒకటుంటే చాలు. ఎన్విడియా కార్డుంటే డ్రైవర్ మేనేజర్‌లో టిక్కు పెట్టడమే.

తెలుగు టైపింగ్ గురించి బెంగ అక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) మూడింట్లోనూ కీబోర్డు సెట్టింగుల్లోనే దొరుకుతుంది. ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి), ఆపిల్ లేఅవుట్లు కావాలంటే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు మాత్రం విండోస్‌ని పక్కన ఉంచుకోవాల్సిందే.

డెబియన్ 13 కెర్నెల్ 6.12, మరీ కొత్త మెషిన్ కాకపోతే హాయిగా వేసుకోవచ్చు. ఆర్చ్ అన్నీ సొంతంగా అమర్చుకునే లినక్స్, అది వేసేవాళ్లు ఈ ప్రశ్న అడగరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే, ఇంట్లో వాడకానికి నేరుగా డెబియనే నయం.

ఏది వేసినా ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే) నడిపి వైఫై, సౌండ్, కెమెరా, బ్రైట్‌నెస్ మీటలు చూడండి. మూత మూసి తెరిచి నిద్ర లేస్తుందో లేదో కూడా చూడాలి, కొత్త మోడళ్లలో ఎక్కువ తంటా అక్కడే. విండోస్ ఉంచుకుంటుంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనబడదు. బయోస్‌లో ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే ఇంటెల్ డిస్క్ సెట్టింగ్ ఆన్‌లో ఉండటమే కారణం. తొందరపడి దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మారిస్తే విండోస్ బూట్ కాకుండా పోవచ్చు. ముందు విండోస్ సేఫ్ మోడ్‌లో లేచేలా సెట్ చేసి, అప్పుడు బయోస్‌లో మార్చి, ఒకసారి విండోస్ లేచాక సేఫ్ మోడ్ తీసేయండి.