ఎగ్జిబిషన్‌లో స్టాలా, అపార్ట్‌మెంట్‌లో బల్లా?

టెర్రకోట (కాల్చిన మట్టి) బుట్ట కమ్మలు, సిల్కు దారం గాజులు, పూసల దండలు చేయడం చేతనై, పెళ్లిళ్లలో నలుగురూ మెచ్చుకోగానే ఎవరికైనా ఒకటే ఆలోచన వస్తుంది: ఎగ్జిబిషన్‌లో స్టాల్ తీసుకుంటే? నాకూ అదే వచ్చింది. విజయవాడలో నేను స్టాల్‌తోనే మొదలుపెట్టి, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ల పార్కింగ్‌లో బల్ల వేశాను. ఆ వరుస తిరగబడి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ముందు డబ్బు సంగతి. మూడు రోజుల స్టాల్‌కు 6,000 రూపాయల అద్దె అనుకుందాం. కమ్మల జత 200. మట్టి, రంగు, కొక్కేలు, డబ్బా కలిపి 60, మీ చేతిపనికి 60 వేసుకుంటే మిగిలేది 80. అంటే అద్దె తీరడానికే 75 జతలు పోవాలి, రోజుకు 25. ఆటో ఖర్చు, భోజనం ఇందులో లేవు. అదే అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ వారు ఒక సాయంత్రానికి 500 అడిగినా ఏడు జతలతో గట్టెక్కుతారు. చాలామంది చేతిపని కూలిని లెక్కలోకి తీసుకోరు. రాత్రి పన్నెండింటిదాకా కూర్చొని దారం చుట్టిన తమ శ్రమనే లాభం అనుకొని మురిసిపోతారు. మా ఇంట్లో ఆ మురిపెం మూడు నెలలు సాగింది.

స్టాల్ విషయంలో అద్దెకన్నా పెద్ద ప్రశ్న పక్కన ఎవరు ఉంటారన్నది. నాకు ఎదురుగా గిల్టు నగల స్టాల్ పడింది. మచిలీపట్నం పక్కనే చిలకలపూడి, రోల్డ్ గోల్డ్ నగలకు పేరున్న ఊరు. విజయవాడ వన్ టౌన్‌లోనూ అలాంటి సరుకు టోకుగా దొరుకుతుంది. ఆ ఎదురు స్టాల్‌లో నూరు రూపాయలకు తళతళలాడే హారం కొన్నవారు ఇటు తిరిగి, "మట్టి కమ్మలకు రెండు వందలా?" అన్నారు. వారిది తప్పు కాదు. మట్టిని మలిచి, ఆరబెట్టి, కాల్చి, రంగులు వేయడం ఎంత పనో అక్కడ చెప్పే సందు లేదు. అందుకే డబ్బు కట్టేముందు ఎన్ని నగల స్టాళ్లు ఉన్నాయో, మీ వరుసలో ఎవరున్నారో నిర్వాహకులను అడగండి. చేనేత చీరల పక్కన చోటిస్తే కళ్లకద్దుకుని తీసుకోండి. చీర కొన్న చేయి అదే రంగు గాజుల కోసం వెతుకుతుంది.

పార్కింగ్ బల్ల దగ్గర ఆ తీరిక ఉంటుంది. ఒకరు కమ్మ చెవికి పెట్టుకొని చూస్తుంటే మరో ముగ్గురు సలహా చెబుతారు. నేను అక్కడ ఒక పుస్తకం పెట్టుకున్నాను: అమ్మినవి ఒకవైపు, చేతిలోకి తీసుకొని తిరిగి పెట్టేసినవి మరోవైపు. రెండో జాబితాయే నాకు పనికొచ్చింది. పెద్ద బుట్టలను అందరూ ఎత్తి చూశారు, బరువని దించేశారు. లోపల గుల్లగా చేయడం అప్పుడే మొదలుపెట్టాను. ఇంకో మేలు, కొన్నవారు మళ్లీ కనిపిస్తారు. చెవి దురద పెట్టిందని ఒకావిడ వారం తర్వాత కమ్మలు తిరిగి తెచ్చారు. చవక కొక్కేల్లో ఉండే నికెల్ కొందరికి పడదని అలా తెలిసింది. ఎగ్జిబిషన్‌లో కొన్నావిడ అయితే ఆ జతను చెత్తబుట్టలో వేసి, నన్ను కూడా మరిచిపోయేవారు.

అయితే ఈ బల్లకు ఆయుష్షు తక్కువ. అవే అరవై కుటుంబాలు, మూడోసారికి అందరి దగ్గరా మీ కమ్మలే ఉంటాయి. పైగా మొహమాటం. "తర్వాత ఇస్తానమ్మా" అన్నవారిని లిఫ్టులో ఎలా అడుగుతాం? తెలిసినవారు మొహమాటానికి కొనే సరుకును చూసి గిరాకీ ఉందని అనుకోవడం మరో ప్రమాదం. ఆ భ్రమ పోవాలంటే ముక్కూ మొహం తెలియని జనం రావాలి, అందుకు స్టాలే దిక్కు. పెళ్లికి పాతిక సెట్ల గాజులు కావాలని నాకు వచ్చిన ఒకే ఒక్క పెద్ద ఆర్డరు కూడా స్టాల్‌లోనే దొరికింది.

దుకాణంలో పెట్టి అమ్మించడం మూడో దారి. బీసెంట్ రోడ్డులో ఒకరిని అడిగితే అమ్మిన ధరలో మూడో వంతు తమదన్నారు, అదీ అమ్మాకే లెక్క. పై లెక్కలో 200లో 66 పోతే నాకు మిగిలేది 14. నమస్కారం పెట్టి వచ్చేశాను.

స్టాల్‌కు సిద్ధమైతే రెండు అద్దాలు తీసుకెళ్లండి, నిలబడిన మనిషి మొహం కనిపించే ఎత్తులో పెట్టండి. తెల్లటి ట్యూబులైటు కింద టెర్రకోట ఎండిన ఇటుకలా కనిపిస్తుంది, అందుకని పసుపు దీపం ఒకటి మీరే వెంట తీసుకెళ్లండి. పదులు, యాభైల చిల్లర ఉంచుకోండి, జనం ఎక్కువైతే ఫోను సిగ్నల్ మొరాయిస్తుంది. బోణీ బేరానికి ధర తగ్గించవద్దు, పక్కనున్న నలుగురూ వింటారు. దానికి బదులు చిన్న దుద్దుల జత ఊరికే ఇవ్వండి. జీఎస్టీ అంటే బెదరనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ లోపలే నగలు అమ్ముకునే మనలాంటివారికి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కేంద్ర జౌళి శాఖ కింద హస్తకళాకారులకు ఇచ్చే పెహచాన్ కార్డుకు మాత్రం దరఖాస్తు చేయండి. గాంధీ శిల్ప బజార్ లాంటి మేళాల్లో చోటు అడగడానికి అది కావాలి, అక్కడ పక్క స్టాళ్లవారూ చేతిపని వారే.

నన్ను అడిగినవారికి చెప్పేది ఇదే: ఎండాకాలం చివర్లో రెండు మూడు అపార్ట్‌మెంట్లలో బల్ల వేసి, జనం తిరిగి పెట్టేయని నాలుగు రకాలు తేల్చుకోండి. ఆషాఢమంతా ఇంట్లో కూర్చొని అవే చేయండి. శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం మంచి వరుసలో స్టాల్ దొరికితే తీసుకోండి. గిల్టు నగల ఎదురుగానే దొరికితే ఆ 6,000తో మంచి కొక్కేలు కొనుక్కొని, కొత్త అపార్ట్‌మెంట్ వెతుక్కోండి.