ఆన్‌లైన్ ఇంగ్లీషు పాఠాలు: డబ్బు సరే, ఆ క్యాలెండర్‌తోనే నా పేచీ

ఇంట్లో కూర్చుని విదేశీయులకు ఇంగ్లీషు నేర్పే పని నిజంగా ఉందా, లేక అదీ ఒక మోసమేనా అని అడిగేవాళ్ళు చాలామంది. ఉంది. కాకినాడలో మా ఇంటి వెనక గదిలో కూర్చుని నేను చాలాకాలంగా చేస్తున్నది అదే. హెడ్‌సెట్ ఏది కొనాలి, ఇంటర్నెట్ వేగం ఎంత ఉండాలి, పరిచయ వీడియోలో ఎలా నవ్వాలి అన్నవి ఎక్కడ వెతికినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఈ పనిలో నన్ను ఏ విద్యార్థీ ఏడిపించలేదు, ఏ పాఠమూ ఏడిపించలేదు. ఏడిపించింది, విద్యార్థులనూ టీచర్లనూ కలిపే వేదిక, అంటే ఆ వెబ్‌సైటు వాళ్ళ పాఠాల క్యాలెండర్. ఆ సంగతే చెబుతాను. వేదిక పేరు మాత్రం చెప్పను. నా ఖాతా ఇంకా అక్కడే ఉంది, నా పొయ్యి వెలగడంలో దానికీ కొంత వాటా ఉంది.

మోసాల మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. సరైన సంస్థ మీరు సంపాదించిన దాంట్లోంచి తన వాటా కోసుకుంటుంది. దొంగ సంస్థ మీరు సంపాదించకముందే అడుగుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు, డిపాజిట్ అంటారు, శిక్షణ సామగ్రి అంటారు. టెలిగ్రామ్‌లో హోటళ్ళకు రేటింగులు ఇవ్వమని మొదట వందో రెండొందలో నిజంగానే వేసి, తరవాత పెద్ద మొత్తం కట్టించుకునేవాళ్ళ కథ ఈపాటికి ఊరూరా తెలుసు. అంతగా తెలియనిది డేటా ఎంట్రీ రకం. మా వీధిలో ఒకమ్మాయి చేత ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టించుకుని, పని ముగిశాక తప్పులు ఎక్కువున్నాయని చెప్పి, లాయరు నోటీసు లాంటి కాగితం వాట్సాప్‌లో పంపారు. పరిహారం కట్టకపోతే కోర్టుకు లాగుతామని బెదిరింపు. ఆ కాగితం మీద ముద్ర ఉంది, అశోకస్తంభం బొమ్మ కూడా ఉంది. ఆ పిల్ల రెండు రాత్రులు నిద్రపోలేదు. చివరికి వాళ్ళ నాన్నగారు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాకే అవతలి నుంచి ఫోన్లు ఆగాయి. ఇంగ్లీషు పాఠాల్లో దొంగ రకం ఏమిటంటే, ఉద్యోగం ఖాయమంటారు, ముందు ఫలానా సర్టిఫికెట్ మా దగ్గరే కొనాలంటారు. 120 గంటల టెఫెల్ సర్టిఫికెట్, అంటే విదేశీయులకు ఇంగ్లీషు నేర్పడంలో శిక్షణ పొందామనే పత్రం, అనే మాట నిజమైనదే, చాలా చోట్ల అడుగుతారు కూడా. కానీ దాన్ని ఉద్యోగం ఇచ్చేవాడే అమ్ముతున్నాడంటే అతను అమ్ముకుంటున్నది సర్టిఫికెట్టే, ఇస్తానంటున్న ఉద్యోగం ఉత్తిదే.

అసలు పని రెండు రకాలు. నిమిషాల లెక్కన కూలి ఇచ్చేవి ఒక రకం. కేంబ్లీ ఇలాంటిదే. అక్కడ నిమిషానికి 17 సెంట్లు అన్న లెక్క చాలాకాలం నడిచింది, డిగ్రీ కూడా అడగరు. రెండో రకంలో ధర మనమే పెట్టుకుంటాం, వేదిక కమిషన్ తీసుకుంటుంది. ప్రిప్లీలో అది 33 శాతంతో మొదలై, 400 గంటలు దాటాక 18 శాతానికి దిగుతుంది. కొత్త విద్యార్థితో మొదటి ట్రయల్ పాఠం రుసుము మాత్రం పూర్తిగా వేదికకే పోతుంది. నేనున్నది రెండో రకంలో, ఇంకో చోట. చైనా పిల్లలకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెప్పించిన చైనా కంపెనీల కాలంలో మనవాళ్ళకు ఈ రంగంలో పెద్దగా తలుపులు తెరుచుకోలేదు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పాస్‌పోర్టు ఉంటేనే దరఖాస్తు చూసేవాళ్ళు ఎక్కువ. 2021 జులైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ కంపెనీల మీద ఆంక్షలు పెట్టి, దేశం బయట ఉన్న విదేశీ టీచర్లను పెట్టుకోవద్దనడంతో ఆ సందడి ఒక్కసారిగా చల్లబడింది. నేను చేరింది ఆ తరవాతే. పాస్‌పోర్టు రంగు అడగని పెద్దవాళ్ళే నా విద్యార్థులు.

డబ్బు విషయంలో వంక పెట్టలేను. వారం వారం లెక్క తేలుతుంది, విదేశీ సొమ్ము అందించే పేపాల్ ఖాతాకు వస్తుంది, అక్కడి నుంచి దానంతటదే బ్యాంకుకు చేరుతుంది. మన దేశంలో పేపాల్‌లో నిల్వ పెట్టుకోవడానికి వీల్లేదు కాబట్టి ఆ సొమ్ము తీయనా వద్దా అన్న ఆలోచన కూడా అక్కర్లేదు. మొదట్లో ఆ విదేశీ సొమ్ము ఏ పనికి వస్తోందో చెప్పే పర్పస్ కోడ్ ఒకటి ఎంచుకోవాలి, అంతే. ప్రైవేటు స్కూల్లో టీచరుగా ఉన్నప్పుడు జూన్ జీతం ఆగస్టులో అందుకున్న దాన్ని నేను. నాకు ఇది పండగే.

ఇక క్యాలెండర్.

మన దేశంలో గడియారం ఏడాది పొడుగునా ఒకటే. ఐరోపాలో ఎండాకాలపు వెలుతురు కలిసిరావాలని మార్చి చివరి ఆదివారం ముల్లు గంట ముందుకు జరుపుతారు, అక్టోబరు చివరి ఆదివారం మళ్ళీ వెనక్కి జరుపుతారు. అమెరికాలోనూ జరుపుతారు, కానీ మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలియనిది, వేదిక క్యాలెండర్ దాన్ని ఎలా అర్థం చేసుకుంటుందన్నది. విద్యార్థి ప్రతి సోమవారం ఆరింటికి అని పాఠం కట్టుకుంటే, ఆ పాఠం విద్యార్థి గడియారానికి ముడిపడుతుంది. టీచరు ఖాళీగా ఉన్నానని తెరిచి పెట్టుకున్న గంటలు మాత్రం టీచరు గడియారానికి ముడిపడతాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు రెండూ కలిసే నడుస్తాయి. ముల్లు జరిగిన నాడు పాఠం నేను తెరవని గంటలోకి వచ్చి కూర్చుంటుంది, నన్నొక్క మాట అడగకుండా.

నాకప్పుడు వార్సాలో ఒక ఇంజనీరు విద్యార్థి. ఆయనకు సాయంత్రం ఆరు అంటే చలికాలంలో నాకు రాత్రి పదిన్నర. నేను తెరిచి పెట్టుకున్నది పది నుంచి పన్నెండు వరకు. మార్చిలో ముల్లు జరిగిన మర్నాడు, ఆ సోమవారం తొమ్మిదిన్నరకు నేను మా వాడికి పెరుగన్నం కలుపుతున్నాను. పదింబావుకు మొహం కడుక్కుని, ఫ్యాను చప్పుడు మైకులో పడకుండా ఆపేసి కూర్చున్నాను. ఫోనులో వాళ్ళ యాప్ కూడా పదిన్నరకే పాఠం అని గుర్తుచేసింది. సరిగ్గా పదిన్నరకు గది తెరిస్తే ఇంజనీరు లేరు, నా ఇంకో విద్యార్థి, మాడ్రిడ్ నర్సు ఉన్నారు! ఆమె పాఠం పదకొండున్నరకు కదా. మీరు గంట ముందు వచ్చారండీ అన్నాను. ఆమె నవ్వి, కెమెరా కాస్త పక్కకు తిప్పి వంటింటి గోడ మీది గడియారం చూపించారు. ఏడు. ఆవిడ ఎప్పుడూ వచ్చేది ఏడింటికే. నాకు అప్పుడు వెలిగింది. పాఠం చెబుతూనే ఉన్నాను గానీ నోట్లో తడి ఆరిపోయింది.

పాఠం ముగించి చూస్తే ఇంజనీరు పేరు పక్కన ఎర్రగా, టీచరు హాజరు కాలేదు అని ఉంది. కింద ఆయన సందేశం: పావుగంట ఎదురుచూశాను, మీ ఆరోగ్యం బాగుందా అని. కంప్యూటర్లో వెబ్‌సైటు తెరిస్తే పాఠం తొమ్మిదిన్నరకే అని శుభ్రంగా కనిపిస్తోంది. యాప్‌లో మాత్రం పాత సమయమే ఉంది. లాగవుట్ చేసి మళ్ళీ లోపలికి వెళ్తే అదీ మారింది. అంటే వాళ్ళ ఒక చెయ్యి చేసింది ఇంకో చేతికి తెలియలేదు, శిక్ష మాత్రం నాకు పడింది.

శిక్ష అంటే ఆ పాఠం డబ్బు పోవడం ఒక్కటే కాదు. అది పోతే పోయింది. నా హాజరు శాతం వందలోంచి కిందికి దిగింది. అక్కడ వెతికేవాళ్ళకు ఎవరు ముందు కనబడాలో తేల్చేది ఆ అంకె. దాంతో నేను ఎన్నో పేజీకి జారానో తెలియదు గానీ, వారానికి ఒకటో రెండో తప్పకుండా వచ్చే ట్రయల్ పాఠాలు ఆగిపోయాయి. సహాయ విభాగానికి రాశాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, క్యాలెండర్ నిర్దేశించిన ప్రకారమే పనిచేసింది అని జవాబు. రెండు తెరల బొమ్మలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ పంపాను. వేరే పేరుతో అదే జవాబు వచ్చింది, కామాలతో సహా. చివరికి నా తరఫున మాట్లాడింది ఆ ఇంజనీరే. టీచరు తప్పు లేదు, నాకు డబ్బు వాపసు అక్కర్లేదు అని ఆయనే వాళ్ళకు రాశారు. అప్పుడు ఎర్ర గుర్తు తీశారు, పాఠం డబ్బు ఇచ్చారు. పడిపోయిన వరుస మాత్రం దానంతటదే కోలుకోవాలట. కోలుకునేసరికి ఎండాకాలం గడిచిపోయింది.

అప్పటి నుంచి నా బల్ల మీద ఒక చవక గోడగడియారం వార్సా సమయంతో ఉంటుంది. ముల్లు నేనే జరుపుతాను. మార్చి, అక్టోబరు నెలల్లో ఐరోపా విద్యార్థులందరికీ ముందు వారమే సందేశం పెడతాను: మీ ఆరు, నా తొమ్మిదిన్నర, కుదరకపోతే చెప్పండి అని. బోస్టన్‌లో స్థిరపడిన ఒక బ్రెజిల్ ఆవిడ నా దగ్గర నేర్చుకుంటారు. ఆమెకు వేరే తేదీలు. మార్చిలో ఆమె గడియారం జరిగి, ఐరోపా వాళ్ళది ఇంకా జరగని వారాల్లో నా నోటు పుస్తకం రైల్వే టైమ్‌టేబుల్‌లా ఉంటుంది. ఐరోపా పార్లమెంటు ఈ ముళ్ళు జరిపే తంతు ఎత్తివేయాలని 2019లోనే ఓటు వేసింది, సభ్యదేశాలు మాత్రం ఇంకా తేల్చలేదు. తేల్చుకుని ఉంటే నా రేటింగు బతికేది. టర్కీ 2016లో, బ్రెజిల్ 2019లో ఈ పద్ధతి మానేశాయి. జపాన్, సౌదీల్లో అసలే లేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడు కొత్త విద్యార్థి పేరు రాగానే నేను మొదట చూసేది ఏ దేశమో. జపాన్ అయితే సంతోషం. వాళ్ళ రాత్రి తొమ్మిది నాకు సాయంత్రం అయిదున్నర, డిసెంబరులోనైనా జూన్‌లోనైనా.

ఇంత తిట్టాక, ఎందుకు మానలేదంటే కారణం కూడా ఆ ఇంజనీరే. చేరినప్పుడు నా భయమంతా ఉచ్చారణ గురించి. అమెరికా వాళ్ళలా మాట్లాడాలేమోనని మొదటి పాఠాల్లో నాలుక మెలిపెట్టి మాట్లాడేదాన్ని. ఆయన రెండో పాఠంలోనే ఆపారు. వాళ్ళ కంపెనీ బృందం సగం హైదరాబాదులో, మాదాపూర్‌లో ఉందట. రోజూ ఫోన్ సమావేశాల్లో వాళ్ళు వేగంగా మాట్లాడితే ఈయనకు సగం అందడం లేదు. లండన్ టీచర్లు ఇద్దరి దగ్గర నేర్చుకున్నారు, లాభం లేకపోయింది. మీరు మీ స్నేహితురాలితో ఎలా మాట్లాడతారో అలాగే, అదే వేగంతో మాట్లాడండి, నాకు కావలసింది అదే అన్నారు. నేను మాట్లాడాను. ఆయన పెన్ను పట్టుకుని, తప్పిపోయిన ముక్క దగ్గరల్లా చెయ్యెత్తేవారు. కొన్నాళ్ళకు చెయ్యెత్తడం తగ్గింది. ఒకరోజు, సమావేశంలో హైదరాబాదు కుర్రాడు వేసిన జోకు అర్థమై అందరికంటే ముందు తానే నవ్వానని చెప్పి మురిసిపోయారు. ఆయన ద్వారా అదే ఆఫీసు నుంచి ఇంకొందరు వచ్చారు. ప్రొఫైలులో ఇప్పుడు నేను ఆ సంగతే మొదటి వాక్యంగా రాసుకున్నాను. ఆ వెతుకులాట పేజీలో నేను ఎక్కడున్నా ఇలా వచ్చేవాళ్ళకు పట్టింపు లేదు, నన్ను వెతుక్కుని వస్తారు.

డబ్బు వారం వారం వస్తుందన్నాను, అందులో మార్పు లేదు. ఎంత వస్తుందన్నది వేరే కథ. గంటకు అయిదు డాలర్లతో మొదలుపెట్టాను, ఇప్పుడు అంతకు రెట్టింపుకు కాస్త పైన తీసుకుంటున్నాను. అందులోంచి కమిషన్, ఆపైన పేపాల్ రుసుము, మారకం రేటులో మరికాస్త పోతాయి. పాఠానికి ముందు సిద్ధం కావడానికీ, తరవాత వ్యాసాలు దిద్దడానికీ పట్టే సమయానికి ఎవరూ పైసా ఇవ్వరు. ఆగస్టులో ఐరోపా మొత్తం సెలవు మీద పోతుంది, రంజాన్ నెలలో సౌదీ విద్యార్థులు అర్ధరాత్రి దాటాక పాఠం అడుగుతారు, క్రిస్మస్ నాటికి మళ్ళీ ఖాళీ. పీఎఫ్ లేదు, టీడీఎస్ పట్టేవాళ్ళు లేరు కాబట్టి పన్ను లెక్క మనమే చూసుకోవాలి. 20 లక్షల పరిమితికి నేను ఆమడ దూరంలో ఉన్నాను గనక జీఎస్టీ నమోదు బాధ మాత్రం తప్పింది.

నాకు ఇది గిట్టుబాటు అవుతోందంటే మా ఇంటి పరిస్థితి వల్ల. ఇల్లు సొంతం, మా ఆయన జీతం ఉంది, ఇన్వర్టర్ ఉంది, రాత్రి పిల్లవాణ్ణి మా అత్తగారు నిద్రపుచ్చుతారు. ఆవిడే లేకపోతే తొమ్మిదిన్నర పాఠాలన్నీ వదులుకోవలసిందే. అద్దె, పిల్లల ఫీజులు దీని మీదే నడవాలనుకునేవాళ్ళను, ముఖ్యంగా ఉన్న ఉద్యోగం మానేసి రావాలనుకునేవాళ్ళను, నేను రమ్మనను. కనీసం ఒక ఆగస్టు, ఒక మార్చి చూశాక నిర్ణయించుకోండి. అయిదు నక్షత్రాలకు మూడు ఇస్తాను. యాప్, వెబ్‌సైటు ఒకే సమయం చూపించిన నాడు నాలుగోది కూడా ఇస్తాను. అయిదోది మాత్రం ఆ రెండు జవాబులూ కామాలతో సహా గుర్తున్నంత కాలం ఇవ్వలేను.