డబుల్ డిలైట్ గులాబీ రివ్యూ: పువ్వుకి ఐదు స్టార్లు, ఆకుకి రెండే

సూటిగా చెప్పేస్తానండి. డబుల్ డిలైట్ పువ్వుకి సాటి వచ్చే పువ్వులు గులాబీల్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కానీ ఆకు మాత్రం ప్రతి తెగులుకీ లొంగిపోయే రకం. ఈ రెండూ తెలిసి కొంటే హాయిగా పెంచుకుంటారు. పువ్వు ఫోటో ఒక్కటే చూసి కొంటే వానాకాలం అయ్యేసరికి కుండీలో ముళ్ల పుల్లలు మిగులుతాయి. హైదరాబాద్‌లో మా మేడ మీద కొన్నేళ్లుగా పెంచుతున్నాను, దీంతో క్రాసింగ్ (రెండు రకాల్ని కలిపి కొత్త రకం పుట్టించడం) కూడా చేస్తున్నాను, కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్తా.

ముందు పువ్వు. మొగ్గ మీగడ రంగులో విచ్చుకుంటుంది, రేకుల అంచులకి మాత్రం ఎరుపు ఉంటుంది, ఎండ తగిలేకొద్దీ ఆ ఎరుపు లోపలికి పాకుతూ పోతుంది, అందుకే ఒకే చెట్టు మీద ఏ రెండు పూలూ ఒకేలా ఉండవు. ఆ ఎరుపు ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్లే వస్తుంది, ఎండ సరిగ్గా పడని బాల్కనీలో పెట్టి "మాకు తెల్లగానే పూస్తోందేంటి" అని అడిగేవాళ్లకి ఇదే జవాబు. ఇక వాసన... ఉత్త తియ్యటి వాసన కాదు, కాస్త మసాలా ఘాటు కలిసి ఉంటుంది, చలికాలం పొద్దున్నే ఒక్క పువ్వు కోసి గ్లాసులో పెడితే గదంతా నిండిపోతుంది. 1977లో అమెరికాలో విడుదలైంది, హెర్బర్ట్ స్విమ్, ఆర్నాల్డ్ ఎల్లిస్ తయారుచేసిన రకం, 1985లో ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కింది. ఇన్నేళ్లయినా మన కడియపులంక నర్సరీల్లో కూడా పేరు పెట్టి అడిగి మరీ కొంటున్నారంటే ఆ పువ్వు గొప్పదనమే.

ఇప్పుడు ఆకు సంగతి. మన దగ్గర దీనికి మూడు గండాలు.

జులై నుంచి అక్టోబర్ దాకా నల్లమచ్చ తెగులు. కింది ఆకుల మీద గుండ్రంగా నల్ల మచ్చలు, అంచులు కాస్త పీచు పీచుగా ఉంటాయి, మచ్చ చుట్టూ పసుపు తిరిగి ఆకు రాలిపోతుంది, అలా కింది నుంచి పైకి వస్తుంది. డిప్లోకార్పాన్ రోసే అనే ఫంగస్ ఇది. దీనికి కావలసింది తడి. ఆకు మీద నీళ్లు సుమారు ఏడు గంటలు ఆరకుండా ఉంటే చాలు, ఫంగస్ బీజం మొలకెత్తి ఆకులోకి దిగిపోతుంది. అందుకే సాయంత్రం పూట పైపుతో చెట్టంతా తడిపే అలవాటు ఉంటే దయచేసి మానేయండి, రాత్రంతా ఆకు తడిగా ఉంచి తెగులుని మనమే పిలిచినట్టు అవుతుంది. నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లో మాత్రమే పోయండి. మా అక్క వైజాగ్‌లో ఇదే మొక్క పెంచుతుంది, అక్కడ గాలిలో తేమ ఎక్కువ కదా, మా ఇంట్లో కన్నా అక్కడ ఆకు ముందే రాలిపోతుంది, ఎంత జాగ్రత్తగా ఉన్నా సరే.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బూడిద తెగులు. ఇది తీరు వేరు, దీనికి ఆకు మీద నీళ్లు అక్కర్లేదు, రాత్రి చలి, పగలు పొడి ఎండ, మొక్కల మధ్య గాలి ఆడకపోవడం, ఇవి చాలు. లేత చిగుళ్లు, మొగ్గ కింది కాడ, అన్నిటి మీదా తెల్ల పిండి చల్లినట్టు వస్తుంది, ఆకు ముడుచుకుపోతుంది. ఏడాది మొత్తంలో బాగా పూసే కాలం అదే, సరిగ్గా అప్పుడే ఇది వస్తుంది. అదే నాకు అన్నిటికన్నా బాధ.

మూడోది కొమ్మ ఎండు. కత్తిరించిన చివర నుంచి కొమ్మ నల్లబడుతూ కిందికి దిగుతుంది, పట్టించుకోకపోతే అంటు కట్టిన చోటి దాకా వచ్చి చెట్టు మొత్తం పోతుంది. నల్లబడిన చోటు కన్నా కాస్త కిందికి, లోపల బెండు తెల్లగా కనిపించే దాకా కోసేయాలి, కోసిన చోట బోర్డో పేస్టో (మైలుతుత్తం, సున్నం కలిపింది) కాపర్ ఆక్సీక్లోరైడ్ పేస్టో రాయాలి. అక్టోబర్ కత్తిరింపులప్పుడు ప్రతి కోతకీ ఇది తప్పనిసరి, కత్తెర కూడా చెట్టు చెట్టుకీ స్పిరిట్‌తో తుడవండి.

ఇంత అందమైన పువ్వుకి ఇంత నాసి ఆకు ఎందుకు వచ్చిందంటే వంశం చూడాలి. దీని తల్లిదండ్రులు గ్రెనడా, గార్డెన్ పార్టీ. రెండూ మంచి పూలే, రెండిటికీ బూడిద తెగులు పేరుంది. గార్డెన్ పార్టీకి ఒక వైపు ప్రసిద్ధమైన పీస్ గులాబీ, ఆ పీస్ వెనక ఫ్రాన్స్‌లో లియాన్‌కి చెందిన పెర్నే దుషే తయారుచేసిన పసుపు గులాబీలు ఉన్నాయి. ఆయన 1900లో సొలెయ్ దోర్ అనే రకం తెచ్చాడు, తోట గులాబీల్లోకి ముదురు పసుపు అలాగే వచ్చింది, కానీ ఆ రంగు కోసం వాడిన పర్షియన్ ఎల్లో, అంటే రోజా ఫెటిడా జాతి, నల్లమచ్చకి బాగా లొంగేది, రంగుతో పాటు ఆ బలహీనత కూడా తరతరాలుగా దిగొచ్చింది. ఆ తర్వాత ఎక్కువ మంది బ్రీడర్లు, అంటే కొత్త రకాలు తయారుచేసేవాళ్లు, పువ్వు ఆకారం, రంగు చూసి మొలకలు ఎంచారు, ఆకు పాడైతే మందు కొడతారులే అనుకున్నారు. నా అభిప్రాయంలో తప్పంతా అక్కడే జరిగింది.

దానికి ఎదురు దారిలో వెళ్లిన వాళ్లూ ఉన్నారు. అమెరికాలో విస్కాన్సిన్‌కి చెందిన విలియం రాడ్లర్ తెగులు పట్టిన ఆకుల్ని ఎండబెట్టి పొడి చేసి కావాలనే మొలకల మీద చల్లి, పైన నీళ్లు కొట్టి, తట్టుకుని నిలబడ్డవాటినే ఉంచుకున్నాడు, 2000లో వచ్చిన నాక్ అవుట్ గులాబీ అలా పుట్టింది. జర్మనీలో కొత్త గులాబీ రకాలకి ఏడీఆర్ అనే పరీక్ష ఉంది, 1997 నుంచి అక్కడ పరీక్షలో ఉన్న మొక్కలకి ఫంగస్ మందు అస్సలు కొట్టరు, నిలిస్తేనే సర్టిఫికెట్. మనకి దగ్గరి మనిషి ఎం.ఎస్. వీరరాఘవన్ గారు, ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్‌గా పనిచేసి తర్వాత కొడైకెనాల్‌లో గులాబీల బ్రీడింగ్‌కే అంకితమయ్యారు, మన దేశపు అడవి గులాబీలు రోజా క్లైనోఫిల్లా, రోజా జైగాంటియా వాడి వేడి ప్రాంతాలకి సరిపడే రకాలు తయారుచేశారు. వేరే దేశపు వాతావరణానికి పుట్టిన మొక్కని మన ఎండలో మందులతో మోయడం కన్నా ఆ దారే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. పైగా నల్లమచ్చ ఫంగస్‌లో కూడా చాలా తెగలు ఉంటాయి, ఒక దేశంలో తెగులు రాని రకం ఇంకోచోట కూడా అలాగే ఉంటుందని గ్యారంటీ లేదు, మన దగ్గర ఎంచినవే మనకి పనికొస్తాయి.

డబుల్ డిలైట్ ఉంచుకోవాలనుకుంటే నేను చేసేది చెప్తా. కుండీకీ కుండీకీ మధ్య రెండడుగులు ఖాళీ, రాలిన ఆకు ఒక్కటి కూడా కుండీలో ఉండనివ్వను, ఏరి చెత్తలో వేస్తా, కంపోస్ట్‌లో వెయ్యను. వానలు మొదలవ్వకముందే మందు మొదలెట్టాలి, మచ్చలు వచ్చాక కొడితే మచ్చ పడ్డ ఆకు మళ్లీ పచ్చబడదు. కార్బెండజిమ్, మ్యాంకోజెబ్ కలిపిన పొడి లీటరుకి 2 గ్రాములు, తర్వాతి సారి కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు, ఇలా మార్చి మార్చి కొట్టండి, ఒకటే మందు పట్టుకుంటే ఫంగస్ దానికి అలవాటు పడిపోతుంది. ఆకు అడుగు భాగం తడవాలి, మాస్కు, గ్లవుజులు తప్పవు. బూడిదకి నీళ్లలో కలిసే గంధకం లీటరుకి 3 గ్రాములు బాగా పనిచేస్తుంది, కానీ ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో వద్దు, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కూడా వద్దు, ఆకు మాడిపోతుంది. ఇంత మందు కొట్టడం ఇష్టం లేనివాళ్లు, మేడ మీద చిన్నపిల్లలు ఆడుకునే ఇళ్లవాళ్లు ఈ రకం కొనకండి, నిజంగా చెప్తున్నా.

బ్రీడింగ్ చేసేవాళ్లకి మాత్రం ఇది ఇంట్లో ఉండాల్సిన మొక్కే. డిసెంబర్, జనవరిలో మొగ్గ విచ్చుకునే ముందు రోజు పొద్దున్నే రేకులు, కేసరాలు తీసేసి, వేరే రకం పుప్పొడి బ్రష్‌తో అద్ది కాగితం కవర్ కట్టాలి. కాయ పండడానికి సుమారు నాలుగు నెలలు, అందుకే జనవరి దాటాక చేసిన క్రాసులు ఎండలకి ఎక్కువ రాలిపోతాయి. గింజలు తడి టిష్యూలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచితే మొలక బాగుంటుంది. నేను దీన్ని వీలైనంతవరకు గట్టి ఆకు ఉన్న రకాలతోనే కలుపుతా. మొలకలకి మందు కొట్టను, బూడిద తెగులు లేతప్పుడే బయటపడుతుంది కాబట్టి పట్టినవి అప్పుడే తీసేస్తా, నల్లమచ్చకి మాత్రం ఒక వానాకాలం చూడాలి. మీగడ ఎరుపు రంగు కొన్నిటికి వస్తుంది, ఆ వాసన చాలా అరుదుగా వస్తుంది, ఆకు బాగున్నదానికి వాసన ఉండదు, వాసన ఉన్నదానికి ఆకు ఉండదు, రెండూ ఉన్న మొలక ఇంకా నా చేతికి రాలేదు. అది వచ్చేదాకా ఆపను.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఎరుపు తెలుపు కలిసిన ప్రతి గులాబీకీ డబుల్ డిలైట్ అని లేబుల్ తగిలించేవాళ్లు ఉన్నారు, ఒక చోట నాకూ అలాగే ఇచ్చారు, పూశాక చూస్తే వాసనే లేదు. కాబట్టి పువ్వు ఉన్న మొక్కే కొనండి, ముక్కు దగ్గర పెట్టి చూడండి. కింది ఆకులు తిప్పి చూడండి, మచ్చలుంటే వద్దు. అంటు కట్టిన చోటు మట్టికి పైన ఉండాలి, దాని కింద నుంచి ఏడేసి తొమ్మిదేసి చిన్నాకులతో కొమ్మ వస్తుంటే అది అంటు కట్టడానికి వాడిన అడుగు మొక్కది, మొదలంటా లాగి పీకేయాలి.

ఈ చలికాలం క్రాసింగ్ మొదలెట్టేవాళ్లు ఎవరైనా హైదరాబాద్‌లో ఉంటే చెప్పండి, డబుల్ డిలైట్ పుప్పొడి పొట్లం కట్టి ఇస్తాను. బదులుగా మీ ఇంట్లో మందు లేకుండా వానాకాలం దాటిన గులాబీ ఏదైనా ఉంటే, పేరు తెలియకపోయినా పర్లేదు, దాని కొమ్మ ఒకటి నాకివ్వండి.