ఆసు యంత్రం, జైపూర్ కాలు: రెండు దారులు

పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయాలంటే, అంటే రంగులద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూస్తూ పెరిగిన చింతకింది మల్లేశం 1992లో మొదలుపెట్టి, 1999కి లక్ష్మీ ఆసు యంత్రం పూర్తిచేశాడు. చీరకు నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. ఇంజనీరింగ్ చదువు లేదు, టీమ్ లేదు. అందుకే అన్నేళ్లు పట్టిందేమో!

జైపూర్ కాలు అనే కృత్రిమ పాదం 1968 నాటిది, ఇద్దరి పని. చేతిపని రామచంద్ర శర్మది, వైద్యం డాక్టర్ పి.కె. సేఠీది. అప్పటి విదేశీ కృత్రిమ పాదాలకు బూటు తప్పనిసరి. మనవాళ్లేమో ఉత్త కాళ్లతో పొలంలో దిగాలి, బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. వీళ్ల రబ్బరు పాదం అందుకు వంగింది.

నాకు మల్లేశం పట్టుదలే ఎక్కువ ఇష్టం. కానీ ఒంటికి తగిలించే వస్తువైతే డాక్టరూ, పనివాడూ ఇద్దరూ ఉండాల్సిందే.