డెంగీ వైరస్: రకం తేల్చడమా, జన్యుక్రమం చదవడమా?

వానల తరువాత విజయవాడలో డెంగీ జ్వరాలు పెరిగినప్పుడు, రోగి రక్తంలోని వైరస్ నాలుగు రకాల్లో ఏదో ఆర్‌టీ-పీసీఆర్‌తో తేల్చవచ్చు, లేదా దాని జన్యుక్రమాన్నే చదవవచ్చు. మొదటిది గంటల్లో తేలుతుంది. ఒక రకం సోకినవారికి తరువాత మరో రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ కనుక, ఊళ్లో రకం మారిందన్న సంగతి వైద్యులకు వెంటనే పనికొస్తుంది. అయితే నిరుడూ ఈ ఏడూ రెండో రకమే కనిపిస్తే, అది పాత వైరస్సేనా, బయటి నుంచి వచ్చిన కొత్త శాఖా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. వైరస్ జన్యు పదార్థమైన సుమారు 10,700 అక్షరాల ఆర్‌ఎన్‌ఏలో, కనీసం వైరస్ పైపొర ప్రొటీన్‌ను తయారుచేసే 1,485 అక్షరాల ‘ఈ’ (E) జన్యువులోనైనా, మార్పులను ఒక్కొక్కటిగా పోల్చి చూస్తేనే ఆ చిక్కు విడుతుంది. ఖర్చు చూస్తే, అన్ని నమూనాలకూ రకం తేల్చి కొన్నింటినే జన్యుక్రమానికి పంపడం సబబు. రెండింటికీ జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు తీసిన రక్తమే మేలు (ప్లేట్‌లెట్లు పడిపోయాక పరుగెత్తుకొచ్చేవారి నమూనాల్లో వైరస్ తరచు మిగలదు).